మస్కీ వేటలో ఉండగా ఆగిపోయిన పడవ కనిపిస్తే మన బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేనూ మా తోడల్లుడూ మినియాపోలిస్ శివారులో ఉంటున్నాం. ఇక్కడి వారికి మస్కీ అనే పెద్ద వేట చేప అంటే ఎంత వెర్రో మిన్నెసోటాలో ఉంటున్నవారికి చెప్పనక్కరలేదు. ఆ వెర్రి మాకూ పట్టింది. గత అక్టోబరు చివర్లో మిల్ లాక్స్ సరస్సులో నీటి అడుగున ఉన్న ఒక రాతిమిట్ట మీదుగా గాలం విసురుతుండగా, చాలా దూరంలో ఒక పడవ ఇంజిన్ చప్పుడు లేకుండా గాలివాటున కొట్టుకుపోతూ కనిపించింది. వెళ్లి పలకరిద్దామని నేనన్నాను. వేటలో ఉన్నవాళ్ల దగ్గరకు ఇంజిన్ వేసుకుని వెళితే చేపలు బెదురుతాయని, అది ఇక్కడ పెద్ద అమర్యాదగా భావిస్తారని మా తోడల్లుడు అన్నాడు. చివరకు వెళ్లాం. వాళ్ల బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. తాడు కట్టి మెల్లగా రేవుకు చేర్చాం. వాళ్లు డబ్బు ఇవ్వబోతే మొహమాటంగా వద్దన్నాం.

ఆగిపోయిన పడవను, ఊరికే తేలుతూ వేటాడుతున్న పడవను దూరం నుంచి ఎలా గుర్తుపట్టాలి? అడిగితే లాక్కెళ్లి తీరాలా? లాగేటప్పుడు వాళ్ల పడవ దెబ్బతింటే బాధ్యత ఎవరిది? డబ్బు తీసుకోవచ్చా? సరిగ్గా అదే సమయానికి గాలానికి పడిన చేప మన చేతివలలో ఉంటే ఏం చేయాలి? అనుభవజ్ఞులు వివరించగలరు.

సమాధానం (డులూత్ వైపు నుంచి ఒక సభ్యుడు)

మీ ప్రశ్నలన్నింటికీ ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఆపదలో ఉన్నది మనుషులా, లేక పడవ మాత్రమేనా? మనుషులు ఆపదలో ఉంటే గాలం, చేప, సాయంత్రపు మంచి వేళ అన్నీ పక్కన పెట్టవలసిందే. పడవ మాత్రమే ఆగిపోయి, అందులోని వారు వెచ్చని బట్టలతో, లైఫ్ జాకెట్లతో, పనిచేసే ఫోనుతో నిశ్చింతగా ఉంటే, మీరు చేయగలిగినంతే చేయవచ్చు. అయితే ఆ రెండింటిలో ఏదో దూరం నుంచి తెలియదు కనుక, అనుమానం వస్తే వెళ్లి అడగడమే మర్యాద. మీ తోడల్లుడుగారి మాటలో కొంత నిజముంది. మస్కీ వేటగాళ్లలో చాలామంది ఇంజిన్ ఆపేసి, గాలి తోసిన వైపు పడవను కావాలనే పోనిస్తూ మిట్ట పొడవునా గాలం విసురుతారు. అందువల్ల కొట్టుకుపోవడం ఒక్కటే గుర్తు కాదు. మనుషులు ఎటు చూస్తున్నారో గమనించండి. వేటాడేవారు నీటివైపు చూస్తూ విసురుతూనే ఉంటారు, ఎర పడవ పక్కకు వచ్చినప్పుడల్లా గడ కొనను నీటిలో ముంచి ఎనిమిది అంకె గీస్తారు. ఆగిపోయినవారు ఇంజిన్ మూత తీసి వెనుక వైపు వంగి ఉంటారు, లేదా వచ్చిపోయే పడవల వైపు చూస్తుంటారు. రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకెత్తి దించుతూ ఉంటే అది పలకరింపు కాదు, అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన ఆపద సంకేతం. అప్పుడు ఆలోచించకుండా వెళ్లాలి.

మిల్ లాక్స్ విషయంలో ఇంకొక సంగతి చెప్పాలి. సుమారు 1,32,000 ఎకరాల ఆ సరస్సు గరిష్ఠ లోతు 42 అడుగులే. అంత విశాలమైన లోతు తక్కువ నీటి మీద గాలి లేచిందంటే కొద్దిసేపట్లోనే పొట్టి, నిటారు అలలు పుడతాయి. పైగా పెద్ద మస్కీలు దొరుకుతాయని మనం ఆశపడే అక్టోబరు, నవంబరు నెలల్లో విహారపు పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి. వేసవిలో అయితే ఆగిపోయిన పడవ దగ్గరకు ఎవరో ఒకరు వస్తారు. ఆ రోజుల్లో మీరు చూసి తప్పుకుంటే మరొకరు రాకపోవచ్చు.

చల్లని నీళ్ల గురించి మనిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 సూత్రాన్ని ఇక్కడ పడవ నడిపేవారందరూ గుర్తుపెట్టుకోవాలి. పడిన మొదటి 1 నిమిషంలో ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత సుమారు 10 నిమిషాలు మాత్రమే చేతులూ కాళ్లూ పనికివచ్చేలా కదులుతాయి. శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. లైఫ్ జాకెట్ లేనివారికి ఆ గంట లెక్కలోకే రాదు, ఎందుకంటే చేతులు ఆడని మనిషి అంతకు ముందే మునిగిపోతాడు. అందుకే నీటిలో మనిషి ఉంటే అత్యవసర నంబరు 911కు ఫోను చేసే పని ఒకరు, పడవ నడిపే పని మరొకరు వెంటనే పంచుకోవాలి. పడవను గాలికి ఎదురుగా నెమ్మదిగా తీసుకువచ్చి, మనిషి పక్కకు చేరగానే ఇంజిన్‌ను పూర్తిగా ఆపేయాలి. న్యూట్రల్‌లో ఉంచితే చాలదు. తేలే వస్తువునో తాడునో ముందు విసరాలి, చేయి తర్వాత అందించాలి.

ఆగిపోయినది పడవ మాత్రమే అయితే, దగ్గరకు వెళ్లే ముందు మీ గడలన్నీ దించి పక్కన పెట్టండి. మస్కీ ఎరలకు రెండు మూడు పెద్ద మూడుకొనల కొక్కేలు వేలాడుతుంటాయి. రెండు పడవలు అలల మీద ఒరుసుకున్నప్పుడు అవి ముందుగా పట్టుకునేది ఎవరిదో ఒకరి చొక్కా చేతినో, అరచేతినో. తర్వాత తాడు తీయకముందే కొన్ని ప్రశ్నలు అడగండి. కిల్ స్విచ్ (తాడు ఊడితే ఇంజిన్‌ను ఆపేసే స్విచ్) క్లిప్పు ఊడి ఉందా? గేరు న్యూట్రల్‌లో ఉందా? పెట్రోలు ట్యాంకు గాలి రంధ్రం తెరిచి ఉందా? ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కించే ప్రైమర్ బల్బు నొక్కితే గట్టిపడుతోందా, మెత్తగానే ఉందా? బ్యాటరీ తీగల బిగింపు వదులయిందా? కంగారులో ఉన్న మనిషికి తన కాలి దగ్గర వేలాడుతున్న కిల్ స్విచ్ తాడు కనిపించదు. ఆగిన పడవలు కొన్ని ఈ ప్రశ్నలతోనే కదులుతాయి. ఇంజిన్ తిరుగుతున్నా పడవ కదలకపోతే ప్రొపెల్లరును చూడమనండి. మనం వాడే 80 పౌన్ల అల్లిక దారం తెగదు, కడ్డీ చుట్టూ బిగుసుకుని ప్రొపెల్లరు వెనుకకు దూరిపోతుంది. ఇంజిన్ తాళంచెవి తీసి, కిల్ స్విచ్ క్లిప్పును చేతిలో పట్టుకున్న తర్వాతే దాని మీద చేయి వేయాలి.

బ్యాటరీ సంగతికి వస్తే, నీటి అడుగును, చేపలను చూపే సోనార్ తెరలు రెండు మూడు ఉండి, రోజంతా వెలుగుతూ ఇంజిన్ బ్యాటరీని తాగేయడం ఇప్పుడు మామూలయింది. ట్రోలింగ్ మోటారుకు (వేటలో పడవను మెల్లగా నడిపే చిన్న విద్యుత్ మోటారుకు) మూడు బ్యాటరీలను వరుసగా కలిపి 36 వోల్టులు తీసుకునే పడవలు మనవాళ్లలోనూ చాలా ఉన్నాయి. జంపర్ తీగలు వాటిలో ఏదో ఒక్క 12 వోల్టుల బ్యాటరీకి మాత్రమే తగిలించాలి. వరుస మొత్తానికి తగిలిస్తే ఇంజిన్ ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం మూతలు తెరిచి గాలి ఆడనివ్వండి, ఆ వాసన పోయేదాకా ఏ తీగా తాకించవద్దు. వాళ్ల ట్రోలింగ్ మోటారు పనిచేస్తూ, గాలి తక్కువగా ఉంటే, దానితోనే మెల్లగా రేవుకు పొమ్మని, మీరు కొంత దూరంలో తోడుగా వెళ్లడం లాగడం కన్నా మంచిది.

లాగడం చివరి ఉపాయం. లాగవలసి వస్తే రెండు పడవల్లోనూ అందరూ లైఫ్ జాకెట్లు వేసుకున్న తర్వాతే మొదలుపెట్టండి. ఆగిన పడవ ముందు కొన కింద, ట్రైలరు కొక్కెం తగిలించే ఇనుప కన్ను ఉంటుంది. తాడు దానికే కట్టాలి. పైనున్న చిన్న బిగింపులకు కడితే మరలతో సహా ఊడిరావచ్చు. మీ పడవ వైపు వెనుక పలక మీది రెండు కన్నులకూ తాడును త్రికోణంగా కట్టి, దాని మధ్య నుంచి లాగితే మీ చుక్కాని మాట వింటుంది. ఒక్క పక్కకు కడితే వినదు. నైలాను తాడు సాగుతుంది, సాగిన తాడు తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది, కాబట్టి దాని వరుసలో ఎవరూ నిలబడకూడదు. బిగువులో ఉండగా కూడా విప్పుకోగల ముడే వేయాలి, కత్తి చేతికి అందేలా ఉండాలి. వెనుక పడవలోని బరువంతా వెనక్కి జరపాలి. అది అటూ ఇటూ ఊగితే ఇంజిన్ కాలును కొంచెం నీటిలోకి దించి నిటారుగా ఉంచమనండి. వేగం నడక కన్నా కాస్త ఎక్కువ ఉంటే చాలు.

ఇక వలలో చేప. మస్కీని వలలో ఉంచి నీటిలోనే నిలిపితే అది ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, కాబట్టి ఎదుటివారిది పడవ ఇబ్బంది మాత్రమే అయితే ఒక చేయి ఎత్తి చూశామని తెలియజేసి, కొక్కేలను బోల్ట్ కట్టరుతో కత్తిరించి, ఫోటోలూ కొలతలూ మానుకుని, దాన్ని వదిలేసి బయలుదేరండి. కేక వినిపించినా, చేతులు పైకీ కిందకీ ఆడుతున్నా వల అంచు ముంచి చేపను పోనివ్వండి, అది ఎంత పెద్దదైనా సరే. మిన్నెసోటాలో చాలా చోట్ల 54 అంగుళాలు లేనిదాన్ని ఎలాగూ ఇంటికి తీసుకుపోలేరు.

సమాధానం (విస్కాన్సిన్ నుంచి, బీమా రంగంలో పనిచేసే ఒక సభ్యురాలు)

పై సమాధానం చాలా బాగుంది. బాధ్యత, డబ్బు అనే రెండు ప్రశ్నలకు నేను కలుపుతాను. మిన్నెసోటా చట్టాలలో 604ఏ.01 సెక్షన్ ప్రకారం, అత్యవసర పరిస్థితిలో మరొకరు తీవ్రమైన శారీరక ప్రమాదంలో ఉన్నారని తెలిసి అక్కడ ఉన్న వ్యక్తి, తనకు ముప్పు లేనంత మేరకు తగిన సహాయం చేయాలి. పోలీసులకో వైద్య సిబ్బందికో కబురు చేయడం కూడా సహాయం కిందకే వస్తుంది. అమెరికాలో ఇలా సహాయాన్ని చట్టబద్ధమైన విధిగా పెట్టిన రాష్ట్రాలు కొన్నే. అదే సెక్షన్, ప్రతిఫలం తీసుకోకుండా, ఆశించకుండా అత్యవసర స్థలంలో సహాయం చేసినవారికి, వారు ఉద్దేశపూర్వకంగానో నిర్లక్ష్యపు తెగింపుతోనో ప్రవర్తించనంత వరకు, నష్టపరిహారం నుంచి రక్షణ ఇస్తుంది.

ఆ మాటల్లో గమనించవలసినవి రెండు. విధి మనుషుల ప్రమాదం గురించి, పడవ గురించి కాదు. అందుచేత లాగి తీరాలన్న నియమం ఈ సెక్షన్‌లో లేదు. రక్షణ ప్రతిఫలం లేనివారికి. అందుచేత మీరు డబ్బు వద్దనడం మర్యాదే కాదు, తెలివైన పని కూడా. మరీ బలవంతపెడితే, ఇంకొకరు ఆగిపోయినప్పుడు మీరూ ఆగండి అని చెప్పి నవ్వి ఊరుకోవచ్చు. అయితే ప్రశాంతమైన సాయంత్రం బ్యాటరీ అయిపోయిన పడవను లాగడం అత్యవసరం కిందకు వస్తుందా అన్నది వాదనకు తావున్న విషయం. అందుకే లాగే ముందు ఎదుటివారితో స్పష్టంగా మాట్లాడుకోండి: తాడు ఎక్కడ కట్టాలో వారే చూపాలి, కుదిపితే పడవ పైపూత (గెల్‌కోటు) గీసుకోవచ్చని వారికి తెలియాలి, మీకు అనుమానం వస్తే తాడు విప్పేస్తానని ముందే చెప్పాలి. కొన్ని పడవ బీమా పాలసీలలో నీటి మీద లాగించుకునే ఖర్చుకు కవరేజీ ఉంటుంది, వారి పాలసీ కాగితం చూడమనండి. సరస్సు ఒడ్డు రిసార్టులకు ఫోను చేసినా ఒక్కోసారి పడవ దొరుకుతుంది.

ఒక్క విషయంలో పై సభ్యునితో విభేదిస్తాను. అలలు లేచిన తర్వాత లాగడం చివరి ఉపాయం కూడా కాదు, అసలు చేయవలసిన పనే కాదు. 17, 18 అడుగుల పడవతో అదే పరిమాణం ఉన్న మరో పడవను అలల్లో లాగితే రెండూ ఆపదలో పడతాయి. లంగరు వేయించండి, మీ పడవలో చోటుంటే మనుషులను ఎక్కించుకోండి, పడవను మర్నాడు తెచ్చుకోమనండి. ఎక్కించుకోలేకపోతే, సహాయం వచ్చేదాకా కనుచూపు మేరలో ఉండండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇద్దరికీ ధన్యవాదాలు. మా తోడల్లుడికి ఇదంతా చదివి వినిపించాను. రేపు ఆగిపోయేది మా పడవే అయితే ముందుగా ఏం చేయాలి అని అడుగుతున్నాడు.

సమాధానం (డులూత్ సభ్యుడు)

అలల విషయంలో ఆమె మాటే సరైనది, ఒప్పుకుంటున్నాను. మీ తోడల్లుడుగారికి చెప్పండి: ఇంజిన్ ఆగగానే మొదట లైఫ్ జాకెట్లు, వెంటనే లంగరు. ఇంజిన్ మూత తీయడం ఆ తర్వాత. లంగరు వేయకుండా మరమ్మతు మొదలుపెట్టినవారు తల ఎత్తేసరికి రాళ్ల మీద ఉంటారు. పొడవైన తాడు, అవసరానికి ఒక చిన్న బ్యాటరీ బూస్టరు, నీరు చొరని సంచిలో ఫోను, ఈలలు పడవలో ఎప్పుడూ ఉండాలి. 911కు ఫోను చేసినప్పుడు సోనార్ తెర మీద కనిపించే అక్షాంశ రేఖాంశాలు చదివి చెప్పండి, ఎందుకంటే మిల్ లాక్స్ నీళ్లు మిల్ లాక్స్, ఎయిట్‌కిన్, క్రో వింగ్ కౌంటీలు మూడింటిలోకీ విస్తరించి ఉన్నాయి, ఏ షెరిఫ్ కార్యాలయం పడవ పంపాలో ఆ అంకెలతోనే తేలుతుంది. పడవ రంగు, అందులో ఎంతమంది ఉన్నారో చెప్పండి, ఫోను పెట్టేయకముందే బ్యాటరీ ఎంత మిగిలిందో కూడా చెప్పండి.