అషెరాన్స్ కాల్ మళ్లీ ఆడాలంటే: సొంత సర్వర్, పాత క్యారెక్టర్, 9000 పోర్ట్ గొడవ

డెరెత్_బాటసారి:
టర్బైన్ కంపెనీ ఆన్‌లైన్ ఆట అషెరాన్స్ కాల్‌ని 2017 జనవరి 31న ఆపేశారు కదా, ఇప్పుడు మళ్లీ ఆడాలని ఉంది. ఆడేది ఇద్దరమే, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డల్లాస్‌లో. పబ్లిక్ సర్వర్లలో చాలామంది ఇప్పటికే చివరిదైన 275 లెవెల్‌లో ఉంటారు, అందుకే సొంతంగా పెట్టుకుందామనుకుంటున్నాం. అప్పటి అసలు సర్వర్లలో ఒకటైన థిసిల్‌డౌన్‌లో ఉన్న పాత క్యారెక్టర్‌ని ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవచ్చా? విండోస్ 11లో ఏది ముందు, ఏది తర్వాత ఇన్‌స్టాల్ చేయాలి? ఒక ప్రయత్నం చేశాం: హైదరాబాద్ పీసీలో సర్వర్ లేచింది, కానీ డల్లాస్ నుంచి క్లయింట్ కనెక్ట్ అవుతున్నట్టే ఉండి అక్కడే ఆగిపోతోంది. రౌటర్‌లో 9000 తెరిచాం, ఫైర్‌వాల్ కూడా ఆపి చూశాం.

పాతప్యాకెట్:
క్యారెక్టర్ రాదండి. కారణం తెలిస్తే మిగతా సెటప్ కూడా సులువుగా అర్థమవుతుంది.

ఆటలో సగం మీ హార్డ్‌డిస్క్‌లో ఉండేది, సగం టర్బైన్ సర్వర్లో ఉండేది. నేల, కొండలు, గుహలు, బొమ్మలు, శబ్దాలు, మంత్రాల పట్టిక, ఇవన్నీ క్లయింట్ (మీ పీసీలో నడిచే ఆట ప్రోగ్రామ్) డాట్ (.dat) ఫైళ్లలోనే ఉన్నాయి. సెల్ డాట్‌లో ఆట ప్రపంచమైన డెరెత్ నేలంతా 192 మీటర్ల చదరాలుగా భద్రంగా ఉంది. మీ క్యారెక్టర్, దాని సంచి, ఏ రాక్షసి ఎక్కడ నిలబడాలి, ఏ క్వెస్ట్‌కి ఏమివ్వాలి అన్నవి మాత్రం సర్వర్ డేటాబేస్‌లో ఉండేవి. అది బయటికి రాలేదు. మూసేస్తున్నామని ప్రకటించాక ఆటగాళ్లు ఆడుతూనే నెట్‌వర్క్ ప్యాకెట్లు రికార్డు చేశారు. రాక్షసుల స్థానాలు, ఎన్‌పీసీల మాటలు, వస్తువుల వివరాలు ఆ రికార్డుల్లోంచి ఏరి ఏసీఎమ్యులేటర్ (అభిమానులు తయారుచేసిన సర్వర్ ప్రోగ్రామ్, అందరూ ఏస్ అంటారు) ప్రపంచ డేటాబేస్ కట్టారు. రాక్షసిని చంపితే ఏ వస్తువు దొరికే అవకాశం ఎంత శాతం లాంటి లెక్కలు ప్యాకెట్లలో రావు కాబట్టి అవి అంచనాలే.

ఇంకో సంగతి: ఆ డేటాబేస్ ఆట చివరి దశది. 2000లో బందీగా ఉన్న విలన్ బేల్‌జారాన్ విడుదల కావడం, థిసిల్‌డౌన్ వాళ్లు అతని చెర తాలూకు స్ఫటికం పగలకుండా చుట్టూ కాపలా కాసిన రోజులు లాంటి నెలవారీ కథలు అందులో జరగవు. ఊళ్లు, గుహలు, చివరి వరకు ఉన్న క్వెస్టులు ఉంటాయి. నా దృష్టిలో అది తక్కువేం కాదు, ఒక్క లోడింగ్ తెర కూడా లేకుండా హోల్ట్‌బర్గ్ ఊరి నుంచి ఎడారి దాకా నడిచి వెళ్లగలిగే ప్రపంచం అది.

మైఎస్‌క్యూఎల్_మామ:
ఇన్‌స్టాల్ వరస రాస్తున్నా, దీన్ని మార్చకండి.

ముందు క్లయింట్. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టొద్దు, అక్కడ రాయడానికి అనుమతుల గొడవ వస్తుంది. సీ డ్రైవ్‌లో టర్బైన్ అని ఫోల్డర్ చేసి అందులో వేయండి. పాత ఇన్‌స్టాలర్‌తో వచ్చే డాట్ ఫైళ్లు చివరి వెర్షన్‌వి కావు, అప్‌డేట్ సర్వర్ ఇప్పుడు లేదు. అందుకని ఆట మూసేనాటి డాట్ ఫైళ్లు (పోర్టల్, సెల్, లోకల్ ఇంగ్లీష్, హైరెస్) వాటి మీద వేసుకోవాలి. ఈ మెట్టు వదిలేసిన వాళ్లకే లాగిన్‌లో క్రాష్‌లు, కనపడని బొమ్మలు. విండోస్ 11లో డైరెక్ట్‌ఎక్స్ 9 పాత రన్‌టైమ్ (2010 జూన్ ప్యాకేజీ) విడిగా పెట్టాలి. ఆటకి అదనపు సౌకర్యాలిచ్చే డీకాల్ ప్లగిన్లు కూడా కావాలంటే విండోస్ ఫీచర్లలో డాట్‌నెట్ 3.5 ఆన్ చేయండి.

తర్వాత సర్వర్. డేటాబేస్ కోసం మైఎస్‌క్యూఎల్ గానీ మరియాడీబీ గానీ పెట్టండి. ఏస్ రిలీజ్ పేజీలో చెప్పిన డాట్‌నెట్ వెర్షన్ వేసుకోండి. డాట్ ఫైళ్లకి ఇంకో కాపీ తీసి సర్వర్‌కి వేరే ఫోల్డర్ చూపించండి. క్లయింట్ ఆ ఫైళ్లలో రాయగలదు కాబట్టి ఇద్దరికీ ఒకే ఫోల్డర్ ఇవ్వకపోవడమే మంచిది. ఏస్ మొదటిసారి నడిపినప్పుడు ప్రశ్నలడిగి కాన్ఫిగ్ ఫైల్ తయారు చేస్తుంది. డేటాబేసులు మూడు: ఆథ్‌లో అకౌంట్లు, షార్డ్‌లో క్యారెక్టర్లు, వరల్డ్‌లో ప్రపంచం.

సర్వర్ కన్సోల్‌లో అకౌంట్‌క్రియేట్ అని కొట్టి, పేరు, పాస్‌వర్డ్, చివర 5 ఇస్తే అడ్మిన్ అకౌంట్ వస్తుంది. ఆడుకోవడానికి మాత్రం మామూలు అకౌంట్ వేరే చేసుకోండి. అడ్మిన్ క్యారెక్టర్ పేరు ముందు ప్లస్ గుర్తు వస్తుంది, దాంతో ఆడితే ఆటలా ఉండదు. ఎవరైనా కొత్త పేరుతో లాగిన్ అయితే అకౌంట్ దానంతటదే పుట్టే సెట్టింగ్ మొదట్లో ఆన్‌లో ఉంటుంది. సర్వర్‌ని బయటికి తెరిచే ముందు దాన్ని ఆపేయండి.

ఆట తెరవడానికి త్వార్గ్‌లాంచర్ అనే ప్రోగ్రామ్ వాడితే సర్వర్ రకం ఏస్ అనే ఎంచుకోండి. జీడీఎల్‌ఈ (ఇంకో సర్వర్ ప్రోగ్రామ్) ఎంచుకుంటే క్లయింట్‌కి యూజర్ పేరు, పాస్‌వర్డ్ వేరే తీరులో వెళ్తాయి, లాగిన్ అవ్వదు.

యూడీపీ_రాజా:
ఆగిపోవడం గురించి అన్నా. 9000 ఒక్కటే తెరిస్తే చాలదు, 9001 కూడా తెరవాలి. రెండూ యూడీపీ. చాలా రౌటర్లలో కొత్త రూల్ రాస్తే టీసీపీ అనే వస్తుంది, అది చూసుకో.

ముందు సర్వర్ ఉన్న పీసీలోనే 127.0.0.1 పెట్టి లాగిన్ అవ్వు. అది అయితే ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్ నుంచి లోకల్ ఐపీతో చూడు. అదీ అయితే మొబైల్ డేటా మీద, పబ్లిక్ ఐపీతో. ఇంటి వైఫై మీదే ఉండి పబ్లిక్ ఐపీతో పరీక్షించకు, అన్ని రౌటర్లూ దాన్ని లోపలికి తిప్పవు. సర్వర్ బాగానే ఉన్నా పాడైందనిపిస్తుంది.

రౌటర్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు ఐపీ) ఎంత చూపిస్తోంది?

డెరెత్_బాటసారి:
9001 కూడా యూడీపీగా తెరిచాం. 127, లోకల్ ఐపీ రెండూ పనిచేశాయి. బయట నుంచి మాత్రం లేదు. వాన్ ఐపీ 100.72తో మొదలవుతోంది.

యూడీపీ_రాజా:
అదే అసలు సంగతి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే నువ్వు సీజీనాట్ వెనకాల ఉన్నావు. అంటే పబ్లిక్ ఐపీ నీ ఒక్కడిది కాదు, నీ రౌటర్‌లో ఏ పోర్ట్ తెరిచినా బయటివాళ్లకి అందదు. మూడు దారులున్నాయి. కనెక్షన్ కంపెనీని స్టాటిక్ ఐపీ అడగొచ్చు, నెలకి అదనంగా తీసుకుంటారు. డల్లాస్ ఇంట్లో మామూలు పబ్లిక్ ఐపీ ఉంటే సర్వర్ అక్కడ పెట్టొచ్చు. ఇద్దరికే అయితే టెయిల్‌స్కేల్ (దూరంగా ఉన్న పీసీలని ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే ప్రోగ్రామ్) అన్నిటికన్నా తేలిక. రెండు పీసీల్లో వేసి, క్లయింట్‌లో సర్వర్ పీసీ టెయిల్‌స్కేల్ ఐపీ ఇస్తే చాలు, రౌటర్ ముట్టుకోనక్కర్లేదు. ఆ ఐపీ కూడా 100తోనే మొదలవుతుంది, కంగారుపడకు. ఇప్పుడు తెరిచిన పోర్ట్‌లు మూసెయ్, ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేసి ఏస్‌కి యూడీపీ అనుమతి ఇవ్వు.

హైదరాబాద్, డల్లాస్ మధ్య పింగ్ 200 దాటుతుంది. 1999లో మోడెమ్‌ల మీద నడిచిన ఆట కాబట్టి కత్తియుద్ధానికి ఇబ్బంది ఉండదు. ఎగిరొచ్చే మంత్రాన్ని పక్కకి తప్పుకోవడమే కష్టం. దూరంగా ఉన్నవాళ్లు తెరమీద చూసి కాకుండా కాస్త ముందే కదలాలి.

పాతప్యాకెట్:
ఇద్దరికోసం రేట్లు మార్చుకోండి, లేకపోతే 100 లెవెల్ దాటాక ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) నత్తనడక నడుస్తుంది. ఫెలోషిప్‌లో (కలిసి ఆడే గుంపులో) సమానంగా పంచుకున్నప్పుడు ఇద్దరుంటే ఒక్కొక్కరికి 75 శాతం, 9 మంది నిండితే ఒక్కొక్కరికి 30 శాతం వస్తుంది. అంటే నిండు గుంపుకి మొత్తం 270, మీకు 150. ఆ లోటు పూడ్చడానికి మాడిఫైడబుల్ (modifydouble) కమాండ్‌తో ఎక్స్‌పీ మాడిఫయర్ 2 పెట్టండి. 10 పెడితే కింది గుహలన్నీ చూడకుండానే దాటేస్తారు, నేనైతే వద్దంటాను. క్వెస్ట్ మళ్లీ చేయడానికి ఆగాల్సిన సమయానికి వేరే సెట్టింగ్ ఉంది, 0.5 ఇస్తే సగమవుతుంది.

చావు నియమాలు మార్చకండి. చస్తే 5 శాతం వైటే (కొంతకాలం ఉండే బలహీనత) పడుతుంది, విలువైన వస్తువులు శవం దగ్గరే ఉండిపోతాయి. అందుకే ఖరీదెక్కువ, అవసరం తక్కువ ఉన్న వస్తువులు రెండు మూడు ఎప్పుడూ సంచిలో ఉంచుకోవాలి, ముందు అవి పోతాయి.

మైఎస్‌క్యూఎల్_మామ:
బ్యాకప్ మాట ఎవరూ అనలేదు. ఆథ్, షార్డ్ రెండూ వారానికోసారి మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో తీసి ఇంకో డిస్క్‌లో పెట్టండి. డంప్ తీసేముందు సర్వర్ ఆపండి, క్యారెక్టర్ మార్పులు కొన్ని ఇంకా డేటాబేస్‌లోకి ఎక్కకుండా ఉంటాయి. వరల్డ్‌కి బ్యాకప్ అక్కర్లేదు, మీరేమీ మార్చకపోతే ఎప్పుడైనా మళ్లీ దించుకోవచ్చు. కొత్త వరల్డ్ రిలీజ్ వేసేటప్పుడు పాత వరల్డ్ చెరిపి కొత్తది ఎక్కించాలి, ఆ స్క్రిప్ట్ షార్డ్ మీద నడవకుండా డేటాబేస్ పేరు రెండుసార్లు చూసుకోండి.