మా అత్తయ్య చెయ్యి ఇవాళ్టి వార్త ఎలా అయింది?

కోదండరాంనగర్ ఇల్లాలు:
మాది సరూర్‌నగర్ చెరువు దగ్గర కోదండరాంనగర్, గ్రౌండ్ ఫ్లోర్. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకి తెల్లారేసరికి ఇంట్లో మోకాళ్ళ పైకి నీళ్ళు. బియ్యం డ్రమ్ము తేలుతోంది. తర్వాత ఒక చానల్ వాళ్ళు వచ్చారు. మా అత్తయ్య తడిసిన పెళ్ళి ఆల్బమ్‌ని మెట్ల మీద ఆరబెడుతోంది. కెమెరా అబ్బాయి "అమ్మా, నీళ్ళలోంచి తీస్తున్నట్టు ఇంకోసారి తియ్యండి" అన్నాడు. ఆమె ఆల్బమ్‌ని మళ్ళీ ముంచి తీసింది. నేను రిపోర్టర్‌తో, "నాలా (వాననీటి కాలువ) పూడిక తీసి ఎన్నేళ్ళయిందో ఆఫీసర్లని అడగండి, చెరువు నిండుతోందని మాకెవరూ చెప్పలేదు" అన్నాను. తలూపాడు. రాత్రి టీవీలో అత్తయ్య చెయ్యి, ఆల్బమ్, స్లో మోషన్, ఏడుపు సంగీతం. నాలా మాటే లేదు.

మొన్న మంగళవారం కాస్త వాన పడింది. మా గల్లీలో చెప్పులు తడిసేన్ని నీళ్ళు కూడా లేవు. అదే చానల్ ఆ పాత వీడియో వేసి కింద ఎర్రక్షరాలతో 'మునిగిన హైదరాబాద్' అని పెట్టింది. పాతదని ఎక్కడా రాయలేదు. హనుమకొండ నుంచి మా ఆడబిడ్డ ఏడుస్తూ ఫోన్ చేసింది. అత్తయ్య పోయి రెండేళ్ళయింది. వాళ్ళమ్మ గాజుల చెయ్యి ఇవాళ్టి వార్తలో కనబడితే ఆ పిల్ల ఏమైపోవాలి?

దీని గురించి ఎవరికి చెప్పుకోవాలి? మామయ్యకి 78 ఏళ్ళు, ఫోన్ చూడరు, టీవీయే. ఆయనకి ఏ వార్తలు పెట్టాలి?

పాత డెస్క్ మనిషి:
అమ్మా, నేను ఒక న్యూస్ చానల్ అవుట్‌పుట్ డెస్క్‌లో తొమ్మిదేళ్ళు చేశాను. అక్కడ ఏ వార్తకైనా మొదటి ప్రశ్న "విజువల్ ఉందా?" అనే. నాలా పూడికకి విజువల్ ఉండదు. ఇంజనీరు కెమెరా ముందు మాట్లాడాలి, టెండరు కాగితాలు కావాలి, ఒక మనిషి నాలుగు రోజులు తిరగాలి. ఏడుపైతే అరగంటలో ప్యాకేజ్ రెడీ.

అందరూ టీఆర్పీలనే తిడతారు, నేనూ తిట్టేవాణ్ణి. కానీ మీ ఇల్లు మునిగిన ఆ వారమే, ముంబయిలో రేటింగుల మోసం కేసు బయటపడ్డాక, టీవీ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ న్యూస్ చానళ్ళ రేటింగులు ఆపేసింది. 2022 మార్చి దాకా మళ్ళీ రాలేదు. దాదాపు ఏడాదిన్నర మా చేతిలో నంబర్లే లేవు. మేం ఏమైనా మారామా? లేదు. గోడ మీది టీవీల్లో పక్క చానల్ ఏం వేస్తోందో చూసి అదే వేశాం, యూట్యూబ్ లైవ్‌లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకున్నాం. 2018లో నటి శ్రీదేవి దుబాయ్‌లో బాత్‌టబ్‌లో మునిగి చనిపోయినప్పుడు ఒక తెలుగు రిపోర్టర్ బాత్‌టబ్‌లో పడుకుని చూపించాడు. అది చూసి మా న్యూస్‌రూమ్‌లో వచ్చిన మాట "మరి మన దగ్గరేముంది?" అని. సిగ్గుతో రాస్తున్నాను.

పాత విజువల్ మీద 'ఫైల్' అని వెయ్యడం నిమిషం పని. తెలిసే వదిలేస్తారు. నేనూ వదిలేశాను.

మలక్‌పేట వకీలు:
అక్కా, ముందు ఆ చానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. తేదీ, టైమ్, క్లిప్ పెట్టండి. ప్రసారమైన 7 రోజుల్లోపు పంపాలి, కాబట్టి ఇవాళే పంపండి. వాళ్ళ జవాబు సరిగ్గా లేకపోతే అది అందిన 14 రోజుల్లో, న్యూస్ చానళ్ళు తామే పెట్టుకున్న న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ అండ్ డిజిటల్ స్టాండర్డ్స్ అథారిటీకి వెళ్ళొచ్చు. ఆ చానల్ అందులో సభ్యురాలో కాదో చూసుకోండి, సభ్యులైన చానళ్ళ మీదే అది విచారిస్తుంది. కాకపోయినా 2021 కేబుల్ టీవీ సవరణ నిబంధనల ప్రకారం చానల్ 15 రోజుల్లో మీ ఫిర్యాదు తేల్చాలి.

మామయ్యగారికి దూరదర్శన్ యాదగిరి, ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు పెట్టండి. ప్రభుత్వాన్ని గట్టిగా నిలదియ్యవు, ఆ లోటు ఉంది. నాలా సంగతి లోతుగా కావాలంటే పేపరు జిల్లా పేజీ చదివి వినిపించండి.

కోదండరాంనగర్ ఇల్లాలు:
పంపేశాను. ఆడబిడ్డ ఫోన్‌లో తీసిన క్లిప్పే జత చేశాను. నాలా గురించి అప్పుడు నేను చెప్పిన మాటలు కూడా రాశాను, అవి ఎందుకు తీసేశారో చెప్పమన్నాను. మామయ్య ఆ క్లిప్ అడిగి చూశారు. సౌండ్ తీసెయ్యమన్నారు. చానల్ నుంచి జవాబు వస్తే ఇక్కడే పెడతాను.