చర్చ: పిల్లలకు పటం చదవడం ఎలా నేర్పుతున్నారు?

సోషల్_టీచర్_పార్వతీపురం
ఆరో తరగతికి సోషల్ చెబుతున్నాను. దిక్కులు, గుర్తులు, స్కేలు అంటే ఏమిటో గడగడా అప్పజెబుతారు. గోడ మీది పటంలో విశాఖ నుంచి విజయవాడ ఎంత దూరమో కొలిచి చెప్పమంటే మాత్రం ఒక్కరూ లేవరు. స్కేలు మీరెలా అలవాటు చేస్తున్నారు? సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఈ వయసులో మొదలుపెట్టొచ్చా? రేఖాంశాలకైతే మన దేశ గడియారానికి ఆధారమైన 82½ డిగ్రీల గీత కాకినాడ మీదుగా పోతుందని అందరం చదువుకున్నదే కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదామనుకుంటున్నా.

తుని_అబ్బాయి
అది కాకినాడ మీదుగా పోదు మేడమ్. కాకినాడ 82 డిగ్రీల 14 నిమిషాల దగ్గర ఉంది. గీత దానికి తూర్పున పాతిక కిలోమీటర్ల పైన, మా తుని పక్కనుంచి పోతుంది. చిన్నప్పటి నుంచి చెబుతున్నా, ఎవరూ వినరు.

గ్రూప్స్_గురి
పరీక్షలో కాకినాడ అని పెడితేనే మార్కు వస్తుంది. తుని అని రాసి పోగొట్టుకుంటారా? అయినా నేను ఇప్పుడే ఫోన్‌లో 82.30 కొట్టి చూశాను. కాకినాడ పక్కనే చూపిస్తోంది. పుస్తకాలు రాసినవాళ్లకు తెలియదా?

ఉప్పాడ_పడవ
అయ్యా, 82.30 వేరు, 82 డిగ్రీల 30 నిమిషాలు వేరు. డిగ్రీకి 60 నిమిషాలు. 30 నిమిషాలంటే సగం డిగ్రీ, అంటే ఫోన్‌లో 82.5 అని కొట్టాలి. మీరు కొట్టిన 82.30 అంటే 82 డిగ్రీల 18 నిమిషాలు. సముద్రం మీద ఇది చిన్న సంగతి కాదండి. అక్షాంశంలో 12 నిమిషాలు తేడా వస్తే 12 నాటికల్ మైళ్లు, 22 కిలోమీటర్లు. మా పడవలో జీపీఎస్ డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తుంది. ఒడ్డునున్నవాళ్లు ఫోన్‌లో చుక్క పెట్టి దశాంశాల్లో పంపుతారు. వలలు ఒక చోట వేసి ఇంకో చోట వెతుక్కున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. టీచరు గారూ, మిగతావి ఎలా ఉన్నా ఇది మాత్రం ఆరో తరగతిలోనే నేర్పండి.

గ్రూప్స్_గురి
నిమిషాల లెక్క నాకూ తెలుసు. పరీక్ష జవాబుల కీలో ఏముందో అదే చెప్పాను. మీరు పడవలు నడపండి, మేం పరీక్షలు రాస్తాం.

తుని_అబ్బాయి
ఆ మాట వెనక్కి తీసుకోండి. పెద్దాయన విడమరిచి చెబితే ఇదా సమాధానం?

మెదక్_రైతుబిడ్డ
ఇక్కడ గీతల గొడవ నడుస్తోంది, స్కేలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మా ఇంట్లో రెండేళ్లు టెన్షన్ పెట్టింది ఈ స్కేలే. మా ఊరి పాత గ్రామ నక్ష మైలుకు పదహారు అంగుళాల లెక్కన గీసింది. అంటే కాగితం మీద అంగుళం నేల మీద 330 అడుగులు. జిరాక్సు షాపులో దాన్ని చిన్న కాగితం మీదకు సగానికి తగ్గించి ఇచ్చారు. పక్క పొలం ఆయన దాని మీద స్కేలుబద్ద పెట్టి, మా గట్టు 660 అడుగులు ఉండాల్సింది 330 అడుగులే అని పంచాయితీ పెట్టాడు. నక్ష మీద రాసిన లెక్క అలాగే ఉంది, గీతలు మాత్రం సగమయ్యాయి. పటం కింద గీత రూపంలో ఉండే స్కేలైతే కాగితంతో పాటే అదీ తగ్గుతుంది, మోసం చేయదు. పిల్లలకు ముందు ఆ గీత స్కేలే చూపించండి మేడమ్. దారం పెట్టి రోడ్డు వంపుల వెంట కొలిచి, ఆ దారాన్ని గీత స్కేలు పక్కన పెట్టి చదివితే చాలు.

పాత_సర్వేయర్
ముప్పై ఏళ్లకు పైగా గొలుసు లాగినవాణ్ణి, నా మాట వినండి. మెదక్ తమ్ముడూ, గ్రామ నక్ష హద్దు తేల్చడానికి కాదు. హద్దు తేల్చేది టిప్పన్, అంటే ఒక్కో సర్వే నంబరు కొలతల చిత్తు పటం, మా ఆంధ్రాలో అయితే ఎఫ్‌ఎంబి (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్). అందులో కొలతలు అంకెల్లోనే రాసి ఉంటాయి, కాగితం ఎంత చిన్నదైనా అంకె మారదు. గొలుసంటే 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఎకరం. మీ పంచాయితీలో టిప్పన్ తెప్పించినవాడు ఒక్కడూ లేడా?

ఇక కాకినాడ సంగతి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్లు (ఎత్తుపల్లాలు, ఊళ్లు, దారులు వివరంగా చూపే పటాలు) పదిహేను నిమిషాలకు ఒకటి చొప్పున గీసినవి. 82 డిగ్రీల 30 నిమిషాలు సరిగ్గా షీటు అంచు మీద పడుతుంది. పాత నంబర్లలో 65కె/7లో అన్నవరం, 65కె/11లో తుని. ఈ రెండు షీట్లూ కలిసే గీతే మీరు కొట్టుకుంటున్న గీత. కాకినాడ ఊరికీ ఆ గీతకీ మధ్య దాదాపు ఒక షీటు వెడల్పు ఉంది.

గోదారి_గాలి
2022లో జిల్లాలు మారాక తుని, అన్నవరం రెండూ కాకినాడ జిల్లాలోకే వచ్చాయి. కాబట్టి "కాకినాడ జిల్లా మీదుగా" అని చెబితే ఇద్దరిదీ నిజమే. ఊరు కాదు, జిల్లా. ఇక వదిలేయండి.

గ్రూప్స్_గురి
చూశారా, కాకినాడే.

తుని_అబ్బాయి
ఊరు అని చదివించారు, జిల్లా అని కాదు! గీత మా వైపు ఉంటే పేరు వాళ్లకా?

కొండదారి_విశాఖ
సమోన్నత రేఖల గురించి మేడమ్ అడిగారు. తప్పకుండా మొదలుపెట్టండి. టబ్బులో మట్టితో కొండ చేసి, కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ నీరు తాకిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టించండి. పైనుంచి చూస్తే ఆ గుర్తులే పటంలోని గీతలు. మేం అరకు వైపు కొండలెక్కేటప్పుడు టోపోషీటు ప్రింటు తీసుకెళ్తాం. అందులో గీతకీ గీతకీ 20 మీటర్ల ఎత్తు తేడా, సెంటీమీటరంటే నేల మీద 500 మీటర్లు. సెంటీమీటరులో అయిదు మెట్లు దాటామంటే అర కిలోమీటరులో వంద మీటర్లు ఎక్కుతున్నామన్న మాట, మోకాళ్లకు తెలుస్తుంది. గీతలు వంగి మొన తేలిన చోట ఆ మొన ఎత్తు వైపు ఉంటే అది వాగు, పల్లం వైపు ఉంటే కొండ ముక్కు. ఈ ఒక్క గుర్తు తెలియక, దారి అనుకుని వాగులోకి దిగి చీకటి పడేదాకా ఇరుక్కున్న జట్లను మేమే వెనక్కి తీసుకొచ్చాం. ఫోన్ బ్యాటరీ అయిపోయాక వాళ్ల దగ్గర ఇంకేమీ ఉండదు.

ఎడ్మంటన్_తెలుగు
గోడ పటాల మీద నాకు కోపం. మా పాప గ్రీన్‌లాండ్ ఇండియా కంటే ఎన్నో రెట్లు పెద్దదనుకుంది. మర్కేటర్ పటం (గుండ్రని భూమిని చదునుగా పరిచే ఒక పద్ధతి) 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవును రెట్టింపు చేస్తుంది, వైశాల్యం నాలుగింతలవుతుంది. నిజానికి గ్రీన్‌లాండ్ దాదాపు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, ఇండియా 32.9 లక్షలు. ప్రతి తరగతిలో గ్లోబు ఉండి తీరాలి.

పాత_సర్వేయర్
ప్రపంచ పటం తర్వాత. ముందు సొంత ఊరు చదవడం రావాలి.

ఎడ్మంటన్_తెలుగు
ఎందుకు తర్వాత? పరాయి దేశంలో పెరిగే పిల్లలకు సొంత ఊరు ఎక్కడుందో తెలిసేది ఆ ప్రపంచ పటం మీదే కదండీ.

నీడ_గడియారం
హైదరాబాద్ వాళ్లకు రేఖాంశం నేర్పడానికి కర్ర చాలు. హైదరాబాద్ దాదాపు 78½ డిగ్రీల మీద ఉంది, మన గడియారం 82½ది. నాలుగు డిగ్రీల తేడా, డిగ్రీకి గడియారంలో నాలుగు నిమిషాలు. కాబట్టి ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండింటికి కాదు, 12:16 ప్రాంతంలో. ఏడాది పొడవునా ఇది కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. ఏప్రిల్ మధ్యలో, డిసెంబరు 25 ప్రాంతంలో లెక్క సరిగ్గా కుదురుతుంది. డిసెంబరు 25 సెలవు కదా, ఇంటి దగ్గరే మీటరు కర్ర పాతి చూడమనండి. అన్నిటికంటే పొట్టి నీడ 86 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, సరిగ్గా ఉత్తరం చూపిస్తుంది. దిక్కులూ వచ్చేశాయి, రేఖాంశమూ వచ్చేసింది.

సోషల్_టీచర్_పార్వతీపురం
కర్ర, టబ్బు, దారం రాసుకున్నాను. టోపోషీటు ఎక్కడ దొరుకుతుంది?

కొండదారి_విశాఖ
సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో ఓపెన్ సిరీస్ పటాలు (అందరికీ అందుబాటులో ఉంచిన టోపోషీట్లు) దింపుకోవచ్చు మేడమ్. షీటు నంబర్లు ఇప్పుడు కొత్తవి, పాత 65కె అని వెతికితే తికమక పడతారు.

ఉప్పాడ_పడవ
దింపుకున్నాక షీటు అంచున సర్వే ఏ సంవత్సరానిదో ముందు చూడండి. మా ఉప్పాడ తీరం కోతకు గురవుతూనే ఉంది. పాత షీటులో ఇళ్లున్న చోట ఇప్పుడు నీళ్లున్నాయి.