"డిడ్ హీ వెంట్" ఎందుకు తప్పో చెల్లికి ఎలా చెప్పాలి?

ప్రశ్న:
మా చెల్లి డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివింది. ఇప్పుడు ఇద్దరం కూర్చుని ఇంగ్లిష్ గ్రామర్ మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాం. టెన్సులు పన్నెండూ పట్టికతో సహా గడగడా అప్పజెప్పేస్తుంది. మాట్లాడమంటే మాత్రం "డిడ్ హీ వెంట్?", "హీ డోంట్ లైక్" అంటుంది. తప్పని తెలుస్తోంది, సరిదిద్దుతున్నాను. ఎందుకు తప్పని అడిగితే "అదంతే" అనడం తప్ప నా దగ్గర జవాబు లేదు. తను తెలివైన పిల్ల, కారణం చెబితే పట్టేస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు 1:
నేను పెద్దవాళ్లకు ఇంగ్లిష్ చెబుతానండీ. ఆ పట్టికను కొన్నాళ్లు పక్కన పెట్టేయండి. కాగితం మీద "హీ గోస్" అని రాయించండి. దాని కింద "డజ్ హీ గో?" రాయించండి. "గోస్" చివర ఉన్న ఎస్ ఎక్కడికి పోయిందో తననే వెతకమనండి. "డజ్"లో దొరుకుతుంది. తర్వాత "హీ వెంట్", దాని కింద "డిడ్ హీ గో?". "వెంట్"లోని గతకాలం "డిడ్"లోకి చేరింది. ఇంగ్లిష్‌లో కాలాన్ని ఒక్కచోట చూపిస్తే చాలు. సహాయక క్రియ వచ్చి ఆ పని తీసుకుందంటే అసలు క్రియ మామూలు రూపంలోకి వచ్చేస్తుంది. కాదు అని చెప్పేటప్పుడూ ఇంతే: "హీ డిడ్ నాట్ గో", "హీ డజ్ నాట్ లైక్".

తెలుగులో "వెళ్లాడు"ను ప్రశ్న చేయాలంటే చివర దీర్ఘం తీస్తే సరిపోతుంది, "వెళ్లాడా?". క్రియ లోపల ఏదీ కదలదు. మనవాళ్ల నోట "వెంట్" అలాగే ఉండిపోవడానికి కారణం అదే. దయచేసి దీన్ని అశ్రద్ధ అనుకుని కోప్పడకండి.

"ఈజ్", "వాజ్" ఉన్నచోట "డు" అక్కర్లేదు, అవే ముందుకు జరుగుతాయి: "ఈజ్ హీ రెడీ?".

జవాబు 2:
పైన చెప్పింది బాగా కుదిరాక "హ్యావ్" సంగతి చూడండి. "ఐదేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను" అనే మాటను చాలామంది "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అంటారు. అప్పుడెప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి "హ్యావ్ బీన్ వర్కింగ్" కావాలి. ఎంతకాలమో చెప్పడానికి "ఫర్ ఫైవ్ ఇయర్స్", ఎప్పటినుంచో చెప్పడానికి "సిన్స్ 2019". వాక్యంలో "యెస్టర్డే" ఉంటే మాత్రం "హ్యావ్ సీన్" కుదరదు, "సా" అనాలి.

ఆర్టికల్స్ గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు. "ఎ", "యాన్" పలుకుబడిని బట్టి వస్తాయని తెలిస్తే చాలు, రాసే అక్షరాన్ని బట్టి కాదు: "యాన్ అవర్", "ఎ యూనివర్సిటీ".

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. కాగితం మీద రాయించాను. ఎస్ కనిపించగానే "డిడ్" సంగతి తనే చెప్పేసింది! ఆ వెంటనే ఇంకోటి అడిగింది: "హూ కేమ్?" అంటాం కదా, మరి అక్కడ "డిడ్" ఏది?

జవాబు 1:
ఎంత మంచి ప్రశ్న అడిగిందండీ. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి: "హూ కాల్డ్ యూ?", "హూ డిడ్ యూ కాల్?". మొదటిది నీకు ఎవరు ఫోన్ చేశారని. "హీ కాల్డ్ మీ"లో "హీ" ఉన్నచోటే "హూ" వచ్చి కూర్చుంది, అదే కర్త. వరస మారలేదు కాబట్టి "డిడ్" అవసరం పడలేదు. రెండోది నువ్వు ఎవరికి ఫోన్ చేశావని. ఇక్కడ కర్త "యూ". చివర ఉండాల్సిన "హూ" ముందుకు వచ్చింది, దానితో "డిడ్" వచ్చింది, "కాల్డ్" కాస్తా "కాల్" అయింది. "హూ కేమ్?", "వాట్ హ్యాపెండ్?" మొదటి రకం.

"హూ సా యూ?", "హూ డిడ్ యూ సీ?" లాంటి జంటలు తన చేతే రాయించండి. ఒక్కోదానికి పూర్తి వాక్యంలో జవాబు కూడా చెప్పించండి. జవాబు చెప్పేటప్పుడు కర్త ఎవరో తనకే తెలిసిపోతుంది.