పదహారేళ్లవాళ్లకి మంచం పిల్లల వార్డులోనా, పెద్దల వార్డులోనా?

మూడో మంచం అమ్మ:

మా అబ్బాయికి పదహారు నిండిన రెండు నెలలకి బ్లడ్ కేన్సర్ అని తేలింది. ఏఎల్ఎల్ అంటారు, పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కేన్సర్ అదే. మేం చేరిన ఆసుపత్రిలో పద్నాలుగు దాటితే పెద్దల వార్డే. ఎందుకండీ అని అడిగితే "రూలమ్మా" అన్నారు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు.

పక్క మంచం మీద డెబ్బై ఏళ్ల పెద్దాయన ఉండేవారు. "బాబూ, తిన్నావా" అని రోజూ మావాణ్ణి పలకరించేవారు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఆయన పోయారు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక పచ్చ తెర. పొద్దున్నే నేను వెళ్లేసరికి మావాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫోన్ చూస్తే ఛార్జింగ్ లేక ఎప్పుడో ఆగిపోయి ఉంది. పాటలేవీ రావట్లేదు, ఊరికే చెవులు మూసుకున్నాడు.

ఇప్పుడు వాడికి పందొమ్మిది. మందులు ఆపి నాలుగు నెలలైంది. ఆ రూలు మార్చాలా వద్దా అని ఆసుపత్రి వాళ్లు కొందరు తల్లిదండ్రుల్ని పిలిచి అడుగుతున్నారు, వచ్చే వారం సమావేశం. పద్దెనిమిది నిండేదాకా పిల్లల వార్డులోనే ఉంచాలని నేను చెప్పబోతున్నాను. కాదనేవాళ్లుంటే ఎందుకు కాదో చెప్పండి, వింటాను.

రాత్రి డ్యూటీ:

అమ్మా, నేను నర్సుని. ఆరేళ్లు పెద్దల కేన్సర్ వార్డులో, ఐదేళ్లు పిల్లల వార్డులో చేశాను. మీరు చెప్పిన ఆ తెర పక్కన ఎన్నోసార్లు నిలబడ్డాను. అయినా మీ మాట ఒప్పుకోలేకపోతున్నాను.

మా పిల్లల వార్డులో పదిహేడేళ్ల అమ్మాయి ఉండేది. కీమోతో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోయాయి, అదే సమయంలో నెలసరి వచ్చింది, రక్తం ఆగట్లేదు. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చుట్టూ మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు, వాళ్ల పక్కన వాళ్ల నాన్నలు, ఎప్పుడూ తీసే ఉండే తలుపులు. మూడో రోజు దుప్పటి మారుస్తుంటే నాకు తెలిసింది. పెద్దల వార్డులో అయితే చేరిన రోజే ఆ ప్రశ్న అడిగేవాళ్లం, నెలసరి రాకుండా మాత్రలు మొదలుపెట్టేవాళ్లం. పిల్లల వార్డు అడ్మిషన్ కాగితంలో ఆ ప్రశ్నే లేదు.

పిల్లల వార్డు అంటే మీకు ఆప్యాయత కనిపిస్తోంది. నిజమే, ఉంది. కానీ అది ఐదేళ్లవాళ్లకి సరిపోయే ఆప్యాయత.

ల్యాబ్ రిపోర్టు:

రక్త కేన్సర్ల విభాగంలో శిక్షణలో ఉన్న డాక్టర్ని. మంచం మాట పక్కన పెట్టి ముందు మందుల మాట చూద్దాం.

అమెరికాలో 16 నుంచి 20 ఏళ్ల మధ్య ఏఎల్ఎల్ వచ్చిన 321 మందిని పోల్చిన అధ్యయనం 2008లో వచ్చింది. అందరిదీ అదే జబ్బు, అదే వయసు. కొందరికి పిల్లల డాక్టర్లు వైద్యం చేశారు, కొందరికి పెద్దల డాక్టర్లు. ఏడేళ్ల లెక్క తీస్తే పిల్లల ప్రోటోకాల్ (ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్న వైద్య పద్ధతి) అందుకున్నవాళ్లలో 67 శాతం మంది బతికారు, పెద్దల ప్రోటోకాల్ వాళ్లలో 46 శాతమే. పిల్లల పద్ధతిలో విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్, యాస్పరాజినేజ్ అనే మందులు మొత్తంమీద ఎక్కువగా పడతాయి. మెదడులోకి జబ్బు పాకకుండా వెన్నులో వేసే ఇంజెక్షన్లు కూడా ముందే మొదలై ఎక్కువకాలం సాగుతాయి.

ఆ తర్వాత పెద్దల డాక్టర్లే పిల్లల ప్రోటోకాల్ తీసుకుని 17 నుంచి 39 ఏళ్లవాళ్లకి వాడి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి, మూడేళ్లకి 73 శాతం మంది బతికున్నారు. కాబట్టి మందులు సరైనవి పడితే పెద్దల వార్డులోనూ కోలుకోవచ్చు. వయసు పెరిగేకొద్దీ యాస్పరాజినేజ్‌తో కాలేయం దెబ్బతినడం, రక్తం గడ్డకట్టడం ఎక్కువ. అలాంటివి పెద్దల డాక్టర్లకి బాగా అలవాటు. సమావేశంలో మీరు మొదట అడగాల్సింది "ఏ ప్రోటోకాల్ ఇస్తున్నారు" అని. వార్డు ఏదైనా నాకు అభ్యంతరం లేదు.

కుడికాలు:

డాక్టర్ గారూ, వార్డు ఏదైనా ఫరవాలేదని మీరు తేలిగ్గా అనేశారు. నాకు పదిహేనో ఏట కాలి ఎముకలో యూయింగ్ సార్కోమా అనే కేన్సర్ వచ్చింది. ఇప్పుడు ఇరవై మూడు. నన్ను పిల్లల వార్డులోనే ఉంచారు.

సూది గుచ్చిన ప్రతిసారీ చేతి మీద ఏనుగుబొమ్మ స్టిక్కర్ అంటించేవాళ్లు. ప్రేమగానే అంటించేవాళ్లు, తప్పుపట్టను. అయితే రౌండ్స్‌కి వచ్చిన ప్రతి డాక్టరూ మా అమ్మతోనే మాట్లాడేవారు. "బాబు నిన్న ఎలా ఉన్నాడమ్మా?" బాబు అక్కడే, వాళ్ల ఎదురుగానే కూర్చుని ఉన్నాడు.

ఇంకొకటి ఉంది, ఇంట్లో కూడా ఈ మధ్యే చెప్పాను. నాకు ఇచ్చిన సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్ మందులు వీర్యకణాల్ని దెబ్బతీస్తాయి. యుక్తవయసుకి వచ్చిన అబ్బాయిలయితే కీమో మొదలవకముందే వీర్యం తీసి భద్రపరచవచ్చు, ఒకటి రెండు రోజుల పని. నన్ను ఎవరూ అడగలేదు. ఇరవై ఒకటో ఏట ఒక పరీక్ష చేయించుకుంటే తెలిసింది. ఆ ఆసుపత్రికి వెళ్లి ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీ అమ్మగారు పక్కనే ఉండేవారు కదా, ఇబ్బందిపడతావని" అన్నారు. వాళ్లు నన్ను ఆదుకున్నారనే ఇప్పటికీ అనుకుంటాను. ఈ ఒక్క విషయంలో మాత్రం మనసు కుదుటపడట్లేదు.

మూడో మంచం అమ్మ:

తమ్ముడూ, నీ పోస్టు చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మావాణ్ణి కూడా ఎవరూ అడగలేదనుకుంటా. ఇవాళ వాణ్ణే అడగాలి, ఎలా అడగాలో మాత్రం తెలియట్లేదు.

డాక్టర్ గారూ, మావాడికి ఇచ్చింది పిల్లల ప్రోటోకాలే. అయినా ఏం జరిగిందో చెప్తాను. అది మగవాళ్ల వార్డు, రాత్రిళ్లు ఆడవాళ్లు ఉండకూడదు. రెండో నెలలో కౌంట్స్, అంటే రక్తంలో తెల్లకణాలు, బాగా పడిపోయి ఉన్నాయి. రాత్రి పదింటికి చూస్తే జ్వరం లేదు, మళ్లీ చూసేది ఆరింటికి. పన్నెండింటికి వాడికి చలి మొదలైంది. బెల్ తలవైపే ఉంది. నొక్కలేదు. "సిస్టర్ ఒక్కతే ఉందమ్మా, ఎదుటి మంచం వాళ్ల దగ్గర పరిగెడుతోంది" అన్నాడు తర్వాత. కౌంట్స్ లేనప్పుడు జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలని మాకు మొదటి రోజే చెప్పారు. మావాడికి ఆరు గంటలు ఆలస్యమైంది. బీపీ పడిపోయి నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాడు. పక్కన నేనుంటే, నుదుటి మీద చెయ్యి వేస్తే తెలిసేది కాదా?

1988లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో యూరప్ సంఘాలు కలిసి ఆసుపత్రుల్లో పిల్లల హక్కుల పత్రం రాసుకున్నాయి. పిల్లల పక్కన అమ్మానాన్నలు ఎప్పుడూ ఉండవచ్చనీ, వాళ్లని పెద్దల వార్డుల్లో చేర్చకూడదనీ అందులో ఉంది. నేనడిగేదీ అదే.

రాత్రి డ్యూటీ:

అమ్మా, ఆ వాక్యం పూర్తిగా చదవండి. ఎదుగుదలలో ఒకేలాంటి అవసరాలున్న పిల్లలతో కలిపి ఉంచాలని కూడా అక్కడే ఉంది. పదహారేళ్లవాణ్ణి మూడేళ్లవాళ్ల మధ్య పడుకోబెడితే ఆ మాట నిలబడదు కదా.

ఆ రాత్రి సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఈ వయసువాళ్లు బెల్ నొక్కరు, నేనూ చూశాను. మేం బిజీగా ఉన్నామని ఆగిపోతారు.

లెక్కలు చూసేవాణ్ణి:

అందరి బాధా అర్థమవుతోంది, కానీ ఒకసారి ఇటు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకి, టీనేజర్లకి కేన్సర్ వస్తోంది. ధనిక దేశాల్లో 80 శాతం పైన నయమవుతున్నారు, చాలా పేద, మధ్యస్థ దేశాల్లో 30 శాతం లోపే. ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది బతకాలని, 2030 గడువు పెట్టుకుని, ఆ సంస్థ 2018లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. జబ్బు ఆలస్యంగా కనిపెట్టడం, మందులు దొరక్కపోవడం, వైద్యం మధ్యలో ఆపేయడం, పిల్లలు పోయేది వీటివల్ల. చేతిలో ఉన్న డబ్బు ముందు వీటికి పెట్టాలా, గోడల రంగు మార్చడానికి పెట్టాలా? టీనేజర్లకి వేరే వార్డు అన్నది డబ్బున్నవాళ్లకి చెల్లుతుంది.

కుడికాలు:

అన్నా, వైద్యం మధ్యలో ఆపేసేది ఎవరో కూడా చూడాలి. మా వయసువాళ్లలో ఇంటికెళ్లాక మాత్రలు మానేసేవాళ్లు చాలామంది. ఏఎల్ఎల్‌లో రాత్రిపూట వేసుకునే మెర్‌కాప్టోప్యూరిన్ వంద రోజుల్లో ఐదు రోజులకి మించి మానేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు బాగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఆ మాత్ర ఎందుకో ఆ అబ్బాయితోనే నేరుగా మాట్లాడిన మనిషి ఒకరుంటే వేసుకుంటాడు. గోడల రంగు నేనూ అడగట్లేదు.

రాత్రి డ్యూటీ:

లెక్కల అన్న చెప్పినదాంట్లో నిజముంది, వేరే వార్డు అందరికీ కుదరదు. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో 1990లో టీనేజర్ల కోసమే ఒక యూనిట్ పెట్టారు, అలాంటిది ఎప్పటికి వస్తుందో. మా దగ్గర చేసింది మాత్రం పైసా ఖర్చు లేని పని. పిల్లల వార్డు చివర ఉన్న రెండు మంచాలు పన్నెండు దాటినవాళ్లకి వదిలేశాం, తెరలు నేల దాకా వేశాం. డ్యూటీ పట్టికలో ఆ రెండు మంచాలకి పేరుపెట్టి ఒక నర్సుని వేస్తాం.

మూడో మంచం అమ్మ:

సిస్టర్, మీరన్నదానికి సగం వచ్చాను. పిల్లల వార్డే అని ఇంకా అంటాను, కానీ అందులో చివరి రెండు మంచాలు అని చేర్చి అడుగుతాను. అమ్మానాన్నల్ని పది నిమిషాలు బయటికి పంపి ఆ పిల్లలతో ఒంటరిగా మాట్లాడాలని కూడా అడుగుతాను. ఇది నా నోటితో నేనే అడుగుతానని నిన్న అనుకోలేదు. రాత్రి పక్కన ఒక మనిషి ఉండాలన్నది మాత్రం వదలను.

ఈ ప్రశ్నలు మీ కాగితంలో ఎలా రాసుకున్నారో ఇక్కడ పెట్టగలరా? సమావేశానికి అచ్చు వేయించి తీసుకెళ్తాను.

రాత్రి డ్యూటీ:

పెడుతున్నానమ్మా. చేరిన రోజే, కీమో మొదలవకముందు, పక్కన ఎవరూ లేనప్పుడు నర్సు అడగాల్సినవి ఇవి: "నీ జబ్బు పేరు నీకు ఎవరైనా చెప్పారా? నెలసరి మొదలైందా, చివరిసారి ఎప్పుడు?" అబ్బాయిలయితే, "ముందు ముందు పిల్లలు పుట్టే విషయం డాక్టరుతో మాట్లాడాలా, అమ్మా నాన్నల ముందా, విడిగానా? రాత్రి నీ దగ్గర ఎవరుంటే నీకు బాగుంటుంది?"

చివరిది అమ్మాయిల్నీ అడుగుతాం. "ఎవరూ వద్దు" అన్నవాళ్లకి రాత్రి రెండింటికి మేమే వెళ్లి జ్వరం చూస్తాం, బెల్ కోసం ఆగం.