మనసు లేనోణ్ణి మన వైపు ఏమని తిడతారు? (నెల్లూరు, ప్రకాశం వాళ్ళు చెప్పండి)

కావలి_నాటకాలు: సంక్రాంతికి మా వీధి పిల్లకాయల చేత నాటిక వేయిస్తన్నా. ముగ్గురన్నదమ్ముల కథ. పెద్దోడికి ఎదుటోడి బాధ కంటికి ఆనదు. నడిపోడికి ఆనుద్ది, అయినా కరగడు. చిన్నోడు పొద్దస్తమానం తాగి పడుంటాడు, వాడికి ఏదీ తెలవదు. తల్లి ముగ్గుర్నీ కడిగేసే సీను రాయాల. ముగ్గురికీ ఒకటే తిట్టు పెడితే చప్పగా ఉంది. పుస్తకాల మాటలొద్దు, ఇళ్ళల్లో అనుకునేవి కావాల.

గూడూరు_తోట: పెద్దోడికి 'నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు' అని పెట్టన్నా. మన నేల మాట, ఇంకేం కావాల.

పొదలకూరు_రైతుబిడ్డ: ఆ మాట పుట్టించినోడు నిమ్మతోట మొహం చూసుండడు. నీళ్ళు ఆపి చెట్టును వాడబెట్టి, తర్వాత తడి ఇచ్చి చూడండి, పూత ఎట్టా కమ్ముకుంటదో. నీళ్ళకి అంతగా పలికే చెట్టును తెచ్చి చలనం లేనోడికి పోలికా?

గూడూరు_తోట: వాడబెట్టడం మాకూ తెలుసులే. సామెత ఆ చెట్టు గురించి కాదు. ఎప్పుడూ తడి పారే చెట్టు గురించి. ఎంత పెట్టినా ఆకు అట్టానే ఉంటది, ఉలకదు పలకదు.

పొదలకూరు_రైతుబిడ్డ: ఎప్పుడూ తడి పారితే ఉలక్కపోవడం కాదు, వేరు కుళ్ళి చచ్చూరుకుంటది. మీ వైపు అట్టా చేస్తారేమో.

గూడూరు_తోట: మా నిమ్మ మార్కెట్ యార్డు కాయ ఢిల్లీ దాకా పోతది సామీ. మాకు నేర్పబాక.

పొదలకూరు_రైతుబిడ్డ: 2022లో మిమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు నోరు లేవలేదు, ఇప్పుడు 'మన నేల' అంట.

గూడూరు_తోట: కలిపింది నేనా? మాటలు జాగర్త.

రిటైర్డ్_తెలుగుపండిట్: సర్వీసంతా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక చెబుతున్నాను. ఆ నుడికారంలో ఉన్నది చలనం లేకపోవడమే గాని దయ లేకపోవడం కాదు. పెద్దవాడికి సరిపోతుంది, నడిపివాడికి సరిపోదు. ఇక చిన్నవాడు 'స్పృహ లేనివాడు'. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. మన దగ్గరికొచ్చి తెలివిడి అయి కూర్చుంది. నిస్పృహలో మాత్రం పాత అర్థం నీడ మిగిలింది. ఆశ చచ్చినవాడు నిస్పృహలో ఉంటాడు, తాగి పడ్డవాడు స్పృహ లేకుండా ఉంటాడు. రెండూ కలపకండి. నడిపివాణ్ణి 'నిర్ఘృణుడు' అనవచ్చు. ఘృణ అంటే ఏవగింపు ఒక్కటే అనుకుంటారు, జాలి అనే అర్థమూ ఉంది.

చీమకుర్తి_బండ: మాస్టారూ, 'ఒరే నిర్ఘృణుడా' అని ఏ తల్లి తిడతదండీ?

రిటైర్డ్_తెలుగుపండిట్: తిక్కన తిరిగిన నెల్లూరు సీమలో సంస్కృతం వద్దనడం విడ్డూరం.

చీమకుర్తి_బండ: ఆయన తెలుగు పలుకుబడికే గదండీ పేరు! ఇంకో మాట. రాతిగుండె అనొద్దు. క్వారీలో రాయి పని చేసేవాణ్ణి. రాయి కూడా దాని వాలు చూసి కొడితే విడుద్ది. కొందరు మనుషులకి ఆ వాలు కూడా దొరకదు.

కందుకూరు_నర్సు: నన్ను వార్డులో ముఖం మీదే అన్నారు, 'దీనిది రాతిగుండె' అని. ఆయమ్మ కొడుకు పోయాడు, నేను ఏడవలేదంట. పక్క మంచంలో పాపకి సెలైను ఎక్కతా ఉంది, నేను కూడా కూలబడి ఏడిస్తే అది ఎవరు చూసుకుంటారు? జాలి లేకపోవడం వేరు, జాలిని డ్యూటీ అయిందాకా పక్కన పెట్టడం వేరు. దానికేదన్నా మాటుంటే చెప్పండి.

ఇంకోటి. 'మొద్దుబారింది', 'తిమ్మిరెక్కింది' ఒకటే అన్నట్టు వాడతారు. తిమ్మిరిలో ఇంకా చురచురలాడతా తెలుస్తానే ఉంటది. మొద్దుబారితే గుచ్చినా తెలవదు. షుగరు వాళ్ళకి కాలు అట్టా అయితే ముల్లు దిగినా చూసుకోరు, అది పుండయిందాకా మా దగ్గరికి రారు. కుష్ఠులోనూ అంతే, పాలిపోయిన మచ్చ మీద దూది పెట్టి తాకితే తెలవదు. నొప్పి లేదు గదా అని ఇంట్లో కూర్చుంటారు. మీ పెద్దోడు నాకు అట్టా కనపడతన్నాడు.

ఒంగోలు_గిత్త: దున్నపోతు మీద వాన పడ్డట్టు అనేది ఎవరూ రాయలేదే! అయినా అది కూడా తప్పుడు కూతే. బర్రె జాతికి చెమట తక్కువ, నల్ల తోలుకి ఎండ తట్టుకోలేవు. వాన పడితే కదలకుండా నిలబడేది హాయిగా ఉండబట్టి.

పొదలకూరు_రైతుబిడ్డ: చూశారా, సామెతలన్నీ పశువుల్నీ చెట్లనీ ఆడిపోసుకునేవే.

సంతపేట_కుర్రోడు: మనుషుల్ని మాత్రం వదిలారా? 'కసాయోడు' అని ఊరికే అనేస్తారు. మా నాయనది మాంసం కొట్టు. వీధిలో పస్తున్న వాళ్ళకి ఉద్దర పెట్టిందే ఎక్కువ. కిరాతకుడూ అంతే, అడవిలో వేటాడి బతికే జాతి పేరు. నాటికలో ఆ రెండూ పెట్టొద్దు.

ఒంగోలు_గిత్త: మా గిత్తల దగ్గరికి వస్తే మాత్రం పొగరంటే పొగరే, ఒప్పుకుంటా.

తడ_బోర్డరు: మా ఊరు దాటితే అరవంలో 'సొరణై' లేదంటారు. ఎంత తిట్టినా ఒంటికి పట్టించుకోనోణ్ణి.

రిటైర్డ్_తెలుగుపండిట్: స్మరణ నుంచి వచ్చినదే. మన 'స్మారకం తప్పింది' కూడా ఆ కుదురుదే.

మార్కాపురం_పలక: తెలంగాణ వాళ్ళ 'సోయి' (తెలివిడి అని) ఇంతకంటే బాగుంటది. ఈ నెల్లూరు మాటలు మాకు పడవులే. 1970లో ప్రకాశం జిల్లా వచ్చిందాకా మేం కర్నూలోళ్ళం.

గూడూరు_తోట: అయితే కర్నూలు చర్చకి పో.

నిర్వాహకుడు: జిల్లాల గొడవ ఇంక చాలు. మళ్ళా మొదలైతే ఖాతాలు ఆపేస్తాను.

కావలి_నాటకాలు: అన్నలారా, నా సీను ఇంకా ఖాళీగానే ఉంది.

ఉలవపాడు_అమ్మమ్మ: మనవరాలు టైపు చేస్తంది. పెద్దోణ్ణి 'చీమ కుట్టినట్టన్నా లేదంట్రా నీకు, అన్నం తింటన్నావా గడ్డి తింటన్నావా' అనాల. నడిపోడికి తిట్టొద్దు. 'నీ మనసు బండబారిపోయింది నాయనా' అని మెల్లిగా అనాల. అరిస్తే ఆడు మొండికేస్తాడు. చిన్నోడికి ఏం చెప్పినా వినపడదు గదా, ఆణ్ణి చూడకుండా గోడతో మాట్టాడాల.

కావలి_నాటకాలు: అమ్మా, గోడతో మాట్టాడే ముక్క అదిరింది. పెట్టేస్తన్నా.

కందుకూరు_నర్సు: నేనడిగిన మాట ఎవరూ చెప్పలేదు.

గూడూరు_తోట: పొదలకూరన్నా, కోపం పక్కన పెట్టి ఒకటి చెప్పు. మా తోటలో నాలుగైదు చెట్లకి మొదలు కాడ బంక కారతంది. ఏం కొట్టాల?

పొదలకూరు_రైతుబిడ్డ: కొట్టేది కాదు. బంకా, కుళ్ళిన బెరడూ గీకేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపింది) పూయి. చెట్టు మొదలుకి నీళ్ళు తగలకుండా పాది దూరంగా తీయి. ఎప్పుడూ తడి పారిస్తే అంతే మరి.