అప్‌డేట్: అహ్మదాబాద్ పాత నగరంలో ఒంటరిగా రెండు రోజులు

అహ్మదాబాద్ పాత నగరాన్ని ఒంటరి మహిళ కాలినడకన చూడగలదా, అందుకు ఒక్కరోజు చాలునా అని గత నెలలో ఇక్కడ మిమ్మల్ని అడిగాను. విజయవాడ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, నిన్ననే తిరిగి వచ్చాను. రెండు రోజులు ఉంచుకోమన్నవారి మాటే సరైనది.

కాలూపూర్ స్వామినారాయణ మందిరం వద్ద ఉదయం మొదలై 1424 నాటి జామా మసీదు దగ్గర ముగిసే హెరిటేజ్ వాక్‌లో చేరమన్న సలహా అన్నిటికన్నా ఉపయోగపడింది. ‘పోల్’ అనే ఆ ఇరుకు వాడల్లో ఇళ్ల చెక్కడపు కొయ్య ముఖభాగాలను, పక్షులకు గింజలు వేసే ఎత్తైన చబూత్రాలను చూస్తూ నడిచాము; ఒక వాడ నుంచి మరో వాడలోకి తెరుచుకునే రహస్య దారులను గైడ్ చూపకపోతే నేను కనిపెట్టగలిగేదాన్ని కాను. 2017లో యునెస్కో భారతదేశంలో తొలి ప్రపంచ వారసత్వ నగరంగా దీనినే ఎందుకు ఎంచిందో అక్కడ నాకు అర్థమైంది.

మధ్యాహ్నం ఒక్కదాన్నే అవే వాడలకు తిరిగి వెళ్లి రెండుసార్లు దారి తప్పాను, అయితే అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లు నేను అడగకముందే దారి చెప్పారు. పగలు బంగారం, వెండి వ్యాపారం సాగే మాణెక్ చౌక్ రాత్రికి తినుబండారాల సంతగా మారుతుంది. కుటుంబాలతో కిక్కిరిసి ఉండటం వల్ల నాకు భయం కలగలేదు గాని, చీకటి పడ్డాక సందుల్లోకి మాత్రం వెళ్లలేదు. స్టేషన్ వద్ద ఒక ఆటోకు రెట్టింపు చెల్లించాను, ఆ హెచ్చరికను మీరు ముందే చేశారు. సీదీ సయ్యద్ మసీదు రాతి జాలీని (రంధ్రాలతో అల్లికలా చెక్కిన కిటికీని) రెండో రోజు సాయంత్రపు వెలుగులో చూశాను.